ఉత్త సాలు

జనగామలో నాది పురుగుమందుల దుకాణం. మందులమ్మేవాడు ఎవరి మాటనూ ఊరికే నమ్మడు. నమ్మితే రైతు చేతిలో చివాట్లు తినేది వాడే కదా. కంపెనీ మనిషి కొత్త సీసా తెచ్చి బల్ల మీద పెట్టి ఎంత తియ్యగా మాట్లాడితే నాకు అంత అనుమానం. అలాంటివాణ్ని నేను, పట్నంలో ఒక పెద్ద దవాఖానకు మా బాపును తీసుకుపోతే, వాళ్లు ఆయనను కెమెరా ముందు కూర్చోబెట్టి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ ట్రయల్‌లో చేరుతున్నారా అని అడిగారు. నా ఒళ్లంతా చెవులయ్యాయి. వైద్యం చేయడానికి కెమెరా ఎందుకు? భూమి రిజిస్ట్రేషన్ అప్పుడు తీస్తారు ఫొటోలు, రేపు ఎవడైనా అడ్డం తిరుగుతాడని. వీళ్లు మా బాపు అడ్డం తిరుగుతాడనుకుంటున్నారా, అడ్డం పడిపోతాడనుకుంటున్నారా?

బాపుకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. తెలిసేసరికే ముదిరి వెన్నెముకకు పాకింది. కురవి దగ్గర మా ఊళ్లో ఆయనకు మిరప తోట ఉంది. తోట, నోట్లో బీడీ, ఈ రెండూ లేని బాపును నేను ఎరుగను. దగ్గు మొదలైనప్పుడు మిరపకాయ ఘాటు అనుకున్నాం. తర్వాత టీబీ అనుకున్నాం. పట్నంలో ముక్క తీసి పరీక్ష చేశాక గాని అసలు పేరు బయటపడలేదు. అప్పటి నుంచి బాపు జనగామలో నా దగ్గరే ఉంటున్నాడు, తోట కూలీల మీద నడుస్తోంది. రైలెక్కితే పట్నం పోయి రావడం సులువు.

డాక్టరమ్మ విడమరిచే చెప్పింది. ఇందులో చేరిన అందరికీ ఒక మందు ఎక్కిస్తారు. అది ఇప్పటికే వాడుకలో ఉన్నదే, ఒంట్లోని బలాన్నే లేపి క్యాన్సర్ మీదికి పంపుతుంది. దానికి జోడుగా రెండో సీసా పెడతారు. ఆ రెండో సీసాలో కొందరికి కొత్త మందు ఉంటుంది, కొందరికి ఉత్త సెలైన్ నీళ్లు ఉంటాయి. చూడటానికి రెండూ ఒకటే. జోడు మందు ఒంటి మందు కన్నా మేలా కాదా అని తేల్చడానికే ఇదంతా. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ తేలుస్తుంది, రోగికి చెప్పరు, డాక్టర్‌కూ చెప్పరు.

"నాకు కూడా తెలియదండి," అంది ఆమె.

తెలియదని చెప్పే డాక్టర్‌ను అప్పటిదాకా నేను చూడలేదు. తెలిసీ చెప్పని వాళ్లను మాత్రం చాలామందిని చూశాను. ఈమె కూడా ఆ బాపతే అనుకున్నాను.

నేనెందుకు అలా అనుకున్నానో తెలియాలంటే మా తోట సంగతి ఒకటి చెప్పాలి. కొత్త మందు వచ్చినప్పుడు కంపెనీ వాళ్లు ఊరికి ఒకరి తోటలో దాన్ని కొట్టి చూపిస్తారు. తోటంతా కొట్టి ఒక సాలు మాత్రం వదిలేస్తారు. ఆ సాలును పురుగు తినాలి, ఆకు ముడుచుకోవాలి, అప్పుడు పక్క సాలు చూసి రైతులు ఔరా అనాలి. ఆ వదిలేసిన దాన్ని మా బాపు ఉత్త సాలు అనేవాడు. నల్ల తామర పురుగు మా వైపు మిరపను ఊడ్చేసిన కాలంలో ఒక కంపెనీ ఆయన మా తోటలోనే ఇలా చేశాడు. మాట తీసుకుని పోయాడు, ఆ సాలు ముట్టనని. ఆయన మోటారుసైకిల్ ఊరు దాటిందో లేదో, బాపు పంపు వీపుకెత్తుకుని ఇంట్లో ఉన్న పాత మందు, వేపనూనె కలిపి ఉత్త సాలుకు కొట్టేశాడు. కళ్ల ముందు చెట్టు చస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. కంపెనీ ఆయన మళ్లీ వచ్చి చూస్తే అన్ని సాళ్లూ ఒక్కతీరుగా పచ్చగా ఉన్నాయి. పాపం, నెత్తి గోక్కుంటూ అటూ ఇటూ తిరిగాడు. బాపు గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ ఏమీ ఎరగనట్టు చూశాడు. ఈ కథను నేను దుకాణంలో లింగాల ఘనపూర్ రైతులకూ, రఘునాథపల్లి రైతులకూ ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో. వాళ్లూ నవ్వి, తామూ అదే పని చేశామని ఒప్పుకునేవారు. మా దిక్కు ఉత్త సాలును నిజంగా ఉత్తగా వదిలినవాడు ఒక్కడూ లేడేమో.

అందుకని, కెమెరా ముందు సంతకాలు పెట్టి ఇంటికి వస్తుంటే, రైలు ఆలేరు దాటాక నేను ఉండబట్టలేక బాపుతో అనేశాను.

"నిన్ను గా ఉత్త సాల్ల పెడుతున్నరేమో బాపు."

బాపు కిటికీలోంచి చూస్తూ ఊ కొట్టాడు. ఆ ఊ కొట్టడం నేను పట్టించుకోలేదు.

మూడు వారాలకొకసారి పోవడం, పొద్దంతా కూర్చుని సీసాలు ఎక్కించుకోవడం, సాయంత్రం రైలుకు తిరిగి రావడం. పోయిన ప్రతిసారీ నాకు కొత్త అనుమానం పుట్టేది. అన్ని గొట్టాల నిండా రక్తం ఎందుకు తీస్తున్నట్టు? మందు ఉట్టిగా ఇచ్చి పైన దారి ఖర్చులు కూడా ఇస్తున్నారంటే వీళ్లకు ఏదో లాభం లేకుండా ఉంటుందా? దవాఖాన నుంచి ఒక అమ్మాయి వారం వారం ఫోన్ చేసి బాపుకు దురద ఉందా, విరేచనాలు అవుతున్నాయా, నిద్ర పడుతోందా అని అడిగేది. ఎంతో మర్యాదగా అడిగేది. మా కంపెనీ వాళ్లు కూడా, "అన్నా, మందు ఎట్ల పనిచేసింది?" అని అంతే మర్యాదగా అడుగుతారు, పంట పోయినవాణ్ని కూడా.

రెండో సీసా మీద పేరు ఉండదు, ఏదో నంబరే. ఒకసారి నర్సు గొట్టం విప్పి పక్కన పెట్టినప్పుడు చివరన వేలాడుతున్న చుక్కను వేలికి అంటించుకుని వాసన చూశాను. నా ముక్కు అలాంటిలాంటిది కాదు. మూత తీయకుండానే సీసాలో ఏముందో చెప్పగలనని మా బజారులో పేరు. ఏ వాసనా లేదు. నీళ్లే అని ఖాయం చేసుకున్నాను. నర్సు చూసి, "ఏం పని సార్ ఇది, పోయి చేతులు కడుక్కోండి" అని కసిరింది. చేతులు కడుక్కుని వచ్చి కూడా అదే మాట మీద ఉన్నాను.

చెల్లె భూపాలపల్లిలో ఉంటుంది. మా బావ అక్కడ బొగ్గుగనిలో పని చేస్తాడు. బాపును చూడటానికి బస్సులు మారి మారి వచ్చేది, వచ్చినప్పుడల్లా చేతిలో ఒక డబ్బా. బాపు నోటికి రుచి తెలియడం లేదన్నాడట, అందుకని కరివేపాకు పొడి కొట్టి తెచ్చానని చెప్పేది. నేను ఆమెతో కూడా దవాఖాన గోలే చెప్పేవాణ్ని. వీళ్లు బాపును నీళ్ల మీద బతికిస్తున్నారు, ఇంకో నెల చూసి తీసుకొచ్చేస్తాను అనేవాణ్ని. ఆమె నా ముఖం చూడకుండా బాపు కాళ్లు ఒత్తుతూ కూర్చునేది. అన్న మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడే అలవాటు లేదులే అనుకున్నాను.

వానలు పడే రోజుల్లో ఒకసారి పోతే రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ సీసాలు ఆపేసింది. లివర్ దెబ్బతింటోందట. కొత్త మందు వల్ల కావచ్చు, వాడుకలో ఉన్న మందు వల్లనే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అడిగింది, "వీటితో పాటు నాటు మందులు, పసర్లు, పొడులు ఏమైనా తీసుకుంటున్నారా? తీసుకుంటే చెప్పండి, ఏమీ అనను." బాపు నేల చూపులు చూశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ ప్రయోగాలతో ఆయన లివర్ కరగబెట్టి ఇప్పుడు మా మీదికి నెడుతున్నారా అన్నాను. మా ఇంట్లో ఏ పొడీ లేదు, కావాలంటే వచ్చి వెతుక్కోండి అన్నాను. ఇంకా చాలా అన్నాను. వరండాలో కూర్చున్నవాళ్లు లోపలికి తొంగి చూశారు. ఆమె గొంతు పెంచకుండా, కొన్ని మాత్రలు రాసిచ్చి, వారం తర్వాత మళ్లీ రక్తం చూద్దామంది. లివర్ దెబ్బ పెరగకుండా ఉంటే ఆలోచిద్దాం, పెరిగితే మాత్రం ట్రయల్ నుంచి తీసేయాల్సి ఉంటుంది అంది. తీసెయ్యండి, మాకూ అదే కావాలి అని లేచి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం బాపూ నేనూ అన్నానికి కూర్చున్నాం. నా కోపం ఇంకా చల్లారలేదు. కూర సహించక, బాపు పక్కనున్న చెల్లె డబ్బా లాక్కుని పొడి రెండు చెంచాలు అన్నంలో వేసుకుని కలిపాను. బాపు ముద్ద నోటి దగ్గర ఆపేశాడు.

"గది నువ్వు తినకు."

అప్పటికే నోట్లో పెట్టుకున్నాను. చేదు. పై పైన కరివేపాకు, కింద నాలుకను పట్టుకుని వదలని ఏదో ఆకు చేదు. వాసన చూశాను. ఇదేమిటో నాకు తెలియలేదు గాని కరివేపాకు పొడి కాదని తెలిసిపోయింది. దవాఖాన గొట్టాలు వాసన చూస్తూ తిరిగినవాణ్ని, ఇన్నాళ్లూ నా ఇంట్లో నా కంచం పక్కనున్న డబ్బా మూత తీసి చూడలేదు.

ఏంటిది అని అడిగితే బాపు డబ్బాకు మూత పెట్టి పక్కకు జరిపాడు. నేను వెంటనే చెల్లెకు ఫోన్ చేసి తిట్ల దండకం అందుకున్నాను. నీ మొండి తెలివితో ఆయనను చంపుతున్నావు అని అరిచాను. ఆమె ఏడుస్తూ అంది.

"నేను నా తెలివితోని తెచ్చిన్నా అన్నా? బాపే తెమ్మన్నడు. నీకు చెప్పనని ఒట్టు వెట్టిచ్చుకుండు."

భూపాలపల్లి అవతల అడవి ఊళ్లో ఆకు మందు ఇచ్చే ఒకాయన ఉన్నాడట. బాపే ఎవరి నోటో ఆయన సంగతి విని, ఆమెతో తెప్పించుకుని, నాకు అనుమానం రాకుండా కరివేపాకుతో కలిపి కొట్టమన్నాడట. మొదటిసారి సీసాలు ఎక్కించుకుని వచ్చిన వారం నుంచీ తింటున్నాడు. ఫోన్ పెట్టేసి బాపు వైపు తిరిగాను. ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఉత్త సాల్ల పెట్టిన్రని నువ్వే అంటివి గద," అన్నాడు. "ఉత్త సాలును పురుగుకు ఇడిశిపెట్టుడు నాతోని కాదు. గప్పుడు కాలె, గిప్పుడెట్లయితది?"

మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నీకు జెప్తే నువ్వు దవాఖానోళ్ల మీదికి కొట్లాటకు వోతవ్. కొట్లాట నీది, పానం నాది."

నోట్లో చేదు ఇంకా పోలేదు. ఆయన నా మాటను నమ్మాడు, నన్ను మాత్రం నమ్మలేదు.

చెప్పాలా వద్దా అన్నది ఆ సాయంత్రమంతా నన్ను తినేసింది. చెబితే తీసేస్తారు. నిన్నటిదాకా తీసెయ్యమని ఒంటికాలి మీద లేచినవాణ్ని, నిజంగా తీసేస్తారనేసరికి వెనక్కి తగ్గాను. ఎందుకంటే మందు మొదలుపెట్టాక బాపు దగ్గు తగ్గింది. మెట్లు ఎక్కి దుకాణం పైన నిలబడి బజారు చూడగలుగుతున్నాడు. అది దవాఖాన మందు వల్లనో, పొడి వల్లనో, నేను వాసన చూసి నీళ్లే అని తేల్చిన సీసా వల్లనో నాకు తెలియదు. వాడుకలో ఉన్న మందు అందరికీ ఇస్తామని ఆమె చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. అంటే ఉత్త సాలు అనేదే అక్కడ లేదు, ఒక మందు సాలూ రెండు మందుల సాలూ ఉన్నాయి అంతే. చెప్పిన రోజే విన్నాను, బుర్రకు ఎక్కనియ్యలేదు. దాచేద్దామా అని బాపును అడిగాను. బాపు వద్దన్నాడు. చెప్పేటోణ్ని నేను, నువ్వు జర నోరు మూసుకుని పక్కన కూసో అన్నాడు.

వారం తర్వాత డబ్బాతో సహా పోయాం. బాపు డబ్బా బల్ల మీద పెట్టాడు.

"డాక్టరమ్మా, నా సాలు నేనే కొట్టుకున్న."

ఆమెది కోస్తా వైపు. ఏమీ అర్థంకాక నా వైపు చూసింది. మా మాట తీరుకు నవ్వుతుందేమో అని చూశాను, నవ్వితే మళ్లీ కొట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. నవ్వలేదు. తోట సంగతి మొదటి నుంచీ నేనే చెప్పాల్సి వచ్చింది. దుకాణంలో అందరినీ నవ్వించే కథ అక్కడ చెబుతుంటే నాకే నవ్వు రాలేదు. అంతా విని ఆమె ఒకటే అడిగింది, ఆ కంపెనీ ఆయనకు ఆఖరికి తెలిసిందా అని. తెలియలేదన్నాను. మరి ఆయన ఆ మందు గురించి పైవాళ్లకు ఏం రాసి ఉంటాడు అంది. ఏం రాస్తాడు, కొట్టినా కొట్టకపోయినా ఒకటే అని రాసి ఉంటాడు అన్నాను. అన్నాక గాని నేనేం అన్నానో నాకు తెలియలేదు.

ఇది తను రాయక తప్పదు అంది డాక్టరమ్మ. ఉంచాలో తీసెయ్యాలో ట్రయల్ నడిపే పైవాళ్లు చెబుతారట. రాయకుండా ఉండలేరా అని అడిగాను, ఏ నోటితో అన్ని మాటలు అన్నానో ఆ నోటితోనే. "దాస్తే మీ నాన్నగారి లివర్ పోతుంది. చెబితే ట్రయల్ పోవచ్చు. ఏది పోయినా ఫరవాలేదో మీరే చెప్పండి," అంది. డబ్బాను నేనే ఆమె వైపు జరిపాను.

పొడి మానేశాక లివర్ మెల్లగా దారికొచ్చింది. పొడి మానినందుకే వచ్చిందా, మాత్రలకు వచ్చిందా, సీసాలు ఆపినందుకు వచ్చిందా అంటే ఆమె మళ్లీ తెలియదనే అంది. పైవాళ్ల మాట కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో దుకాణంలో నేను రైతులకు ఒక మందు ఇవ్వబోయి ఇంకోటి ఇచ్చాను. చెల్లె కురవి వీరన్నకు మొక్కుకుంది. బాపు మాత్రం బీడీ లేని నోటిలో సోంపు వేసుకుని దుకాణం ముందు కూర్చుని వచ్చిపోయేవాళ్లను పలకరించాడు. ఆఖరికి ఫోన్ వచ్చింది. ఫోన్ చేసే ఆ అమ్మాయే, ఆ మర్యాద గొంతే. రావచ్చు అంది. ఆమెను ఎన్నడూ అక్కా అని పిలవనివాణ్ని ఆ రోజు పిలిచాను.

తర్వాత తీసిన స్కానింగులో గడ్డ పెరగలేదన్నారు. తగ్గలేదు, పెరగలేదు. కొత్త మందు ఆయనకు పడుతోందన్నమాటేనా అని అడిగాను. అడగకుండా ఉండలేను, నా పుట్టుక అంతే. డాక్టరమ్మ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. రెండో సీసాలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. అది ఎక్కుతున్నంతసేపూ దాని వైపు చూస్తూనే ఉంటాను. నమ్మకం వచ్చిందా అంటే రాలేదు. అనుమానాన్ని ఇంటికి మాత్రం తీసుకురావడం లేదు.

చలికాలంలో బాపు ఊరికి పోతానని పట్టుబట్టాడు. ఒకసారి సీసాలు ఎక్కించుకున్నాక మళ్లీ పోయేదాకా మధ్యనుండే వారాల్లో ఉండి వస్తానన్నాడు. అదే సమయంలో ఒక కంపెనీ మనిషి నా దుకాణానికి వచ్చి, తామర పురుగుకు జోడు మందు ఒకటి తెచ్చాం, మానుకోట వైపు ఒక మిరప తోట చూపించమన్నాడు. మా ఊరు ఆ వైపే. నేను మాట దాటెయ్యబోయాను. లోపలి నుంచి బాపు, మా తోట ఇస్తా అన్నాడు.

ఆ తోటకు పోయిన నెల పోయాను. పోతూ పోతూ దుకాణంలోంచి ఒక పురుగుమందు సీసా సంచిలో వేసుకున్నాను. ఎందుకో నాకు తెలుసు. బాపు గట్టు మీద కూర్చుని ఉన్నాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. తోటంతా నిగనిగలాడుతోంది. మధ్యలో ఒక్క సాలు ఆకులన్నీ పైకి ముడుచుకుని, పూత రాలిపోయి దీనంగా ఉంది. దగ్గరికి పోయి ఆకు విప్పి వాసన చూశాను. వేపనూనె లేదు, పాత మందు లేదు, ఏమీ లేదు. బాపు దాన్ని ముట్టలేదు. పంపు ఎక్కడుందని అడిగాను. బాపు నా సంచి వైపు చూశాడు. దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఆగాడు.

"గా సాలును గట్లనే ఉండనియ్యి బిడ్డా," అన్నాడు. "నేను గట్లనే ఉంటలేనా."

నేను సీసాను తీసుకుపోయి బండి డిక్కీలో పెట్టి తాళం వేశాను. వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.